ఇర్వింగ్‌కి కొత్త. ఇంతకీ "చెక్" అంటే ఏ చెక్?

ఇర్వింగ్ నుంచి:
అందరికీ నమస్తే. మాది ఖమ్మం. డాలస్ పక్కన ఇర్వింగ్‌కి వచ్చి పది రోజులైంది. నిన్న అపార్ట్‌మెంట్ ఆఫీసుకి వెళ్లాను. అక్కడావిడ ముందు చెక్ ఇన్ అవమంది. తర్వాత ఫారంలో బాక్సులు చెక్ చేయమంది, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కి సంతకం పెట్టమంది. చివర్లో డిపాజిట్‌కి పర్సనల్ చెక్ కుదరదు, క్యాషియర్స్ చెక్ తెమ్మంది. అన్నిటికీ తలూపాను. బాక్సుల పక్కన మాత్రం "చెక్డ్" అని అక్షరాల్లో రాసొచ్చాను. ఇంగ్లిష్ మీడియంలోనే చదివాను, అయినా బుర్ర తిరుగుతోంది. ఏది ఏంటో కాస్త చెప్పరా?

ప్లేనో నుంచి:
తమ్ముడూ, నవ్వాను, ఏమనుకోకు. బాక్సులో చెక్ అంటే మన టిక్కే. ఆఫీసులో చెక్ ఇన్ అంటే వచ్చానని పేరు చెప్పి కూర్చోవడం. అవి చిన్నవి. డబ్బు చెక్కుల దగ్గరే జాగ్రత్త కావాలి.

క్యాషియర్స్ చెక్ మన డీడీ లాంటిది. బ్యాంకు నీ దగ్గర డబ్బు ముందే తీసుకుని తన పేరు మీద రాసిస్తుంది. ఎవరి పేరున తీసుకోవాలో ఆఫీసులో అడిగి, అక్షరం పొల్లుపోకుండా రాయించుకో. జీతం కోసం హెచ్‌ఆర్ వాళ్లు "వాయిడెడ్ చెక్" అడిగితే, అది మన క్యాన్సిల్డ్ చెక్కే. దాని మీదుండే 9 అంకెల రౌటింగ్ నంబరు (ఏ బ్యాంకో చెప్పేది), నీ అకౌంట్ నంబరు వాళ్లకి కావాలి. చెకింగ్ అకౌంట్ అంటే మామూలు ఖర్చులకి వాడుకునేది. మన కరెంట్ అకౌంట్‌లా వ్యాపారస్తులకే అనుకోకు.

నేను దెబ్బతిన్నది తేదీ దగ్గర. ఇండియాలో ముందు తేదీ వేసిన చెక్కుని ఆ రోజు వచ్చేదాకా బ్యాంకు ముట్టదు కదా. అదే ధీమాతో ఇరవై ఏళ్ల కిందట ఇంటి ఓనరుకి వచ్చే శుక్రవారం తేదీతో అద్దె చెక్కు ఇచ్చాను. ఆయన సోమవారమే వేసేశాడు. అకౌంట్‌లో డబ్బు లేదు, జీతం పడేది శుక్రవారం. ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు కట్టి బ్యాంకుకి పోయి పోట్లాడితే తేలిందేమిటంటే, ఫలానా చెక్కుని ఆ తేదీకి ముందు చెల్లించొద్దని బ్యాంకుకి మనమే ముందుగా నోటీసు ఇవ్వాలట. ఇవ్వకపోతే వాళ్లు ఎప్పుడైనా చెల్లించవచ్చు.

ఇంకోటి, ఇక్కడ నెల ముందు, రోజు తర్వాత. 05/06 అంటే మే 6. చెక్కు గడువు కూడా వేరే. మన దగ్గర 2012 ఏప్రిల్ నుంచి మూడు నెలలే, ఇక్కడ మామూలుగా ఆరు నెలలు.

ఎడిసన్ నుంచి:
అన్న డబ్బు సంగతి చెప్పేశారు, మిగతాది నేను చెప్తాను తమ్ముడూ. హోటల్లో తిన్నాక "బిల్లు" అన్నా అర్థమవుతుంది, కానీ ఇక్కడి మాట చెక్. "సెపరేట్ చెక్స్?" అంటే ఎవరి బిల్లు వాళ్లకివ్వాలా అని. లైబ్రరీలో చెక్ అవుట్ అంటే పుస్తకం తీసుకెళ్లడం, లాడ్జిలో అయితే ఖాళీ చేయడం. ఎవరైనా రెయిన్ చెక్ అంటే కిటికీలోంచి మబ్బులు చూడకు. అది 1880లలో బేస్‌బాల్ ఆటల దగ్గర పుట్టిన మాట. వానకి ఆట ఆగిపోతే మరో రోజు రావడానికి ఇచ్చే చీటీ. ఇప్పుడు "ఈసారికి కుదరదు, ఇంకోసారి చూద్దాం" అనడానికి వాడతారు.

కారు కొన్నాక చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే కంగారు పడకు. పెట్రోలు మూత సరిగ్గా బిగించకపోయినా వెలుగుతుంది. మిణుకుమిణుకుమంటుంటే మాత్రం నడపకు, పక్కకి ఆపు. లైటు ఎందుకు వెలిగిందో కారులో ఒక కోడ్ నమోదవుతుంది, పార్టుల దుకాణాల్లో చాలాచోట్ల దాన్ని ఉచితంగానే చదివి చెప్తారు.

ఆఫీసు సంగతి కూడా విను. మేనేజర్ "జస్ట్ చెకింగ్ ఇన్" అని మెయిల్ పెడితే కుశలం అడిగినట్టు కాదు, పని ఎంతదాకా వచ్చిందని. మనవాళ్లు "చెక్ చేసి చెప్తా" అంటే సగంసార్లు కుదరదనే అర్థం. ఇక్కడ ఆ మాటన్నావంటే జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తారు.

అమ్మావాళ్లకి రోజూ ఫోన్ చెయ్యి. మా వీధిలో ఒకబ్బాయి రెండ్రోజులు ఫోన్ ఎత్తలేదు. తెనాలిలో వాళ్లమ్మ హడలిపోయి, ఇక్కడి స్నేహితుల చేత పోలీసులకి చెప్పించారు. వాళ్లొచ్చి తలుపు కొట్టారు. ఫోన్ పాడైంది, అంతే! దాన్ని వెల్ఫేర్ చెక్ అంటారు. పోలీసుల్ని చూసి వాడికి చెమటలు పట్టాయి.

ఫ్రీమాంట్ నుంచి:
బాబూ, నేను రిటైరైనవాణ్ణి, తీరిక ఎక్కువ. ఇవన్నీ వేర్వేరు మాటల్లా కనిపిస్తాయి గానీ తల్లివేరు ఒక్కటే. పారశీకంలో "షా" అంటే రాజు. చదరంగం మన దగ్గర్నుంచి పర్షియా వెళ్లింది. రాజుకి ముప్పు వస్తే "షా" అని హెచ్చరించేవారు. అదే అరబిక్, ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లో చెక్ అయింది. రాజు చిక్కితే ఎదుటివాడి ఎత్తు ఆగిపోతుంది కాబట్టి "ఆపడం" అనే అర్థం వచ్చింది. ఆపి సరిచూడటం, సరిచూసుకోవడానికి ఇచ్చే చీటీ, బ్యాంకు చెక్కు, ఇవన్నీ దాని పిల్లలే. మన పేపర్లలో "ప్రత్యర్థికి చెక్ పెట్టారు" అని రాస్తారే, అది పాత అర్థానికే దగ్గర.

గళ్ల చొక్కాని చెక్స్ షర్ట్ అనేదీ చదరంగం బల్లని బట్టే. ఇంగ్లండులో ఒకప్పుడు గళ్ల గుడ్డ పరిచిన బల్ల మీద రాజుగారి లెక్కలు చూసేవారు. అక్కడి ఖజానాకి ఎక్స్‌చెకర్ అనే పేరు అలా వచ్చిందే.

ఇర్వింగ్ నుంచి:
అందరికీ థాంక్స్. బాబాయి గారూ, మీది ప్రింట్ తీసుకున్నాను. ఒక్క సందేహం. రూమ్మేట్ కావాలని ప్రకటన పెడితే ఒకాయన 500 డాలర్ల అడ్వాన్సుకి బదులు 2,000కి క్యాషియర్స్ చెక్ పోస్టులో పంపాడు. పొరపాటైంది, మిగతా 1,500 ఈరోజే ఫోన్లో పంపమంటున్నాడు. నిన్ననే బ్యాంకులో వేశాను, డబ్బు కనిపిస్తోంది కూడా. పంపేయనా?

ప్లేనో నుంచి:
పంపకు! అకౌంట్‌లో కనిపించినంత మాత్రాన చెక్కు చెల్లినట్టు కాదు. దొంగ చెక్కని తేలడానికి వారాలు పట్టొచ్చు. అప్పుడు 2,000 మొత్తం బ్యాంకు నీ దగ్గరే వసూలు చేస్తుంది. ఇప్పుడే బ్యాంకుకి వెళ్లి సంగతి చెప్పు. కవరు పారేయకు, పోస్టులో వచ్చింది కాబట్టి పోస్టు ద్వారా జరిగే మోసాల్ని పట్టుకునే పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్‌కి కూడా ఫిర్యాదు చేయొచ్చు. సాయంత్రం ఆరుకి నాకు ఫోన్ చెయ్యి, ఫారం కలిసి నింపుదాం.