‘సెమ్మెల్న్‌క్నోడెల్న్’: ఈ పట్టుదలను తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న: మ్యూనిక్ కాబరే హాస్యనటుడు కార్ల్ వాలెంటిన్ (1882–1948), లీజ్ల్ కార్ల్‌ష్టాట్‌ల సంభాషణ ఒకటి తెలుగు చేస్తున్నాను. ఆవిడ ‘సెమ్మెల్‌క్నోడెల్’ అంటే, కాదు ‘సెమ్మెల్న్‌క్నోడెల్న్’ అనాలంటాడాయన. ‘రొట్టె ఉండలు’, ‘రొట్టెల ఉండలు’ అంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. ‘రొట్టెల ఉండలు’ మన చెవికి తప్పుగా తగలదు. తగిలితేనే నవ్వు. సెమ్మెల్ అంటే చిన్న బన్ను, బహువచనం సెమ్మెల్న్. క్నోడెల్ అంటే ఉండ. ఒకటైనా పదైనా క్నోడెలే, ‘న్’ చేరేది చతుర్థీ బహువచనంలోనే. ఉండలకు చాలా బన్నులు పడతాయి కాబట్టి మాటలోనూ బహువచనం ఉండాలని ఆయన వాదం. తర్కం బాగానే ఉంది, భాష ఒప్పుకోదు. ‘కార్టొఫెల్‌క్నోడెల్’లో ఎన్ని బంగాళాదుంపలు పడినా ‘న్’ రాదు. ‘ట్స్వెచ్‌గెన్‌క్నోడెల్’లో ఉండకు మామూలుగా ఒక్క ప్లమ్ పండే, అయినా ‘న్’ ఉంది! అది లెక్క చెప్పే ‘న్’ కాదు, రెండు మాటల మధ్య అతుకు.

మరో జవాబు: మన సమాసాలూ అంతే. అప్పడాల కర్ర, అట్లకాడ, పళ్లరసం బహువచనంతో; నాలుగు రేకుల్లో పదహారు ఇడ్లీలు ఉడికినా అది ఇడ్లీపాత్రే. అలాగని ఇడ్లీ పెట్టకండి, వంటకం మ్యూనిక్‌దే ఉండాలి. బోండా అసలే వద్దు. ఎండిన బన్ను ముక్కలను గోరువెచ్చని పాలలో నానబెట్టి, గుడ్లు, వేయించిన ఉల్లిపాయ, పార్స్‌లీ కలిపి ఉండలు చుడతారు. ఉప్పునీళ్లలో సన్నసెగన ఉడికిస్తారు, తెర్లితే విచ్చిపోతాయి.

నా సూచన: ఆవిడ ‘బన్నుండలు’, ఆయన ‘బన్నులుండలులు’. ‘బన్నుల’ అనాల్సిన చోట ‘బన్నులు’, పైగా బహువచనం మీద బహువచనం. మూలంలోలాగే రెండు చోట్లా తప్పు, నాలుకకూ అడ్డం.

ఇంకో జవాబు: పేరు ‘ఫాలెంటిన్’ అని రాయండి. జర్మన్‌లో V అక్షరంతో రాసే తండ్రి మాటను ‘ఫాటర్’ అన్నట్టే, అదే అక్షరంతో మొదలయ్యే తన పేరూ ‘ఫ’తో పలకాలని ఆయన పట్టు. మ్యూనిక్ పాత నగరద్వారమైన ఇజార్ ద్వారంలో ఆయన పేరిట ఉన్న మ్యూజియం కూడా ‘మ్యూజియం’ అనే మాటలో ఒక అచ్చక్షరాన్ని కావాలనే తప్పుగా రాస్తుంది. తల్లిదండ్రులను వెంటబెట్టుకొచ్చిన 99 ఏళ్లవారికి అక్కడ ప్రవేశం ఉచితం.

‘బన్నులుండలులు’ను మాత్రం విడగొట్టకండి. ‘బన్నులు ఉండలులు’ అని అచ్చయితే ప్రూఫులు దిద్దేవారు చివరి ‘లు’ కొట్టేస్తారు.