అప్‌డేట్: నాన్న జ్వరం స్క్రబ్ టైఫస్ అని తేలింది

మలేరియా, డెంగీ రెండూ నెగటివ్, అయినా నాన్నకి 9 రోజులుగా జ్వరం తగ్గట్లేదని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "ఒంటి మీద నల్లటి చెక్కు కట్టిన పుండు ఉందేమో చూడండి" అన్నవారి మాటే నిజమైంది. చంకలో ఉంది, సిగరెట్‌తో కాల్చినట్టు. నొప్పి, దురద లేవని ఆయన ఎవరికీ చెప్పనే లేదు!

డాక్టర్ గారు ఐజీఎం ఎలైజా అనే రక్త పరీక్ష రాశారు, స్క్రబ్ టైఫస్ పాజిటివ్. సింహాచలం వైపు మా తోటలో పొదలు కొట్టించినప్పుడు, కంటికి సరిగా ఆనని చిగ్గర్ పురుగు కుట్టి ఉంటుందన్నారు. ఈ జబ్బు తెచ్చే బ్యాక్టీరియా దాని నుంచే వస్తుందట. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 7 రోజులు రాశారు, రెండో రోజుకే జ్వరం దిగింది.

జవాబుల్లో కొందరు చెప్పిన బొప్పాయి ఆకు రసం, నీళ్ల ట్యాంకు కడిగించడం దీనికి సంబంధం లేనివే. ట్యాంకు ఎలాగూ కడగాల్సిందే అనుకోండి.