ఫోన్లలో ఫోటోలు కాపీ చేస్తానని నా మీద పుకారు. ఏం చేయాలి?

రిపేర్‌టేబుల్:
నాది చిన్న మొబైల్ రిపేర్ షాపు. నేను, నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు చూసుకుంటాం. రిపేరుకి ఇచ్చిన ఫోన్లలోంచి నేను ఫోటోలు కాపీ చేసుకుంటున్నానని ఎవరో పుట్టించారు. ముఖం మీద ఎవరూ అనలేదు. పాత కస్టమర్ ఒకావిడ స్క్రీన్ పగిలిన ఫోన్ తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. నేను పాస్‌వర్డ్ అడగగానే చెయ్యి ఆగిపోయింది. "మళ్లీ వస్తాలెండి" అంటూ ఫోన్ తీసి బ్యాగులో వేసుకున్నారు. ఆ గాజు ఆవిడ వేలికి గుచ్చుకుంటుందేమో అని నాకు భయం వేసింది, కానీ నోట మాట రాలేదు. ఆడమనిషి షాపు కదా అని నమ్మకంతో వచ్చేవాళ్లే ఇప్పుడు ముందుగా తప్పుకుంటున్నారు.

ఒక వాట్సాప్ గ్రూపులో "ఆ షాపులో ఫోన్ ఇచ్చేముందు జాగ్రత్త" అని మెసేజ్ కూడా తిరుగుతోంది. ఇంకో షాపాయన మీద అనుమానం ఉంది, రుజువు లేదు. గ్రూపులో గట్టిగా అడిగేయాలా? లాయర్ నోటీసు పంపాలా? రాత్రంతా ఇదే టెన్షన్.

నల్లకోటు:
ముందు ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీయించండి. పంపినవారి నంబర్, తేదీ కనబడాలి, డిలీట్ చేసేలోపే. అనుమానం ఉన్నాయన పేరు ఎక్కడా ఎత్తొద్దు. రుజువు లేకుండా అంటే పరువు నష్టం కేసు మీ మెడకే చుట్టుకుంటుంది. నోటీసు సంగతి తర్వాత చూద్దాం.

కౌంటర్‌వెనక:
అక్కా, నేనూ ఇదే పనిలో ఉన్నాను. గ్రూపులో "నేను ఫోటోలు కాపీ చేయలేదు" అని రాయకండి. ఆ మెసేజ్ చూడనివాళ్లకీ మీరే చెప్పినట్టవుతుంది.

ఇంకో మాట. ఈ పుకారు మీ విషయంలో అబద్ధం, కానీ జనం భయం అబద్ధం కాదు. కెనడాలో గ్వెల్ఫ్ యూనివర్సిటీ పరిశోధకులు 16 రిపేర్ సెంటర్లకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చి, తర్వాత లాగ్స్ (ల్యాప్‌టాప్‌లో ఎవరేం చేశారో నమోదయ్యే రికార్డు) తీసి చూశారు. ఆరు చోట్ల కస్టమర్ సొంత ఫైళ్లు తెరిచి చూశారని తేలింది, రెండు చోట్ల కాపీ కూడా చేసుకున్నారు. 2022లో ఇది బయటికొచ్చింది. అందుకే మీరు ఆ పుకారుకి కాదు, ఆ భయానికి జవాబు చెప్పాలి.

శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, గూగుల్ పిక్సెల్ ఫోన్లలో రిపేర్ మోడ్ ఉన్నాయి కదా. ఆన్ చేస్తే ఫోటోలు, మెసేజ్‌లు కనబడవు, టెస్టింగ్ మాత్రం చేసుకోవచ్చు. ఫోన్ తీసుకునేటప్పుడు కస్టమర్ చేతే ఆన్ చేయించండి. "పాస్‌వర్డ్ మాకు చెప్పొద్దు" అని కౌంటర్ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. టేబుల్ కస్టమర్‌కి కనబడేలా తిప్పండి. మీ పని మీరు దాచడం లేదని వాళ్ల కళ్లే చెప్పాలి.

పాతపేపర్:
1969లో ఫ్రాన్స్‌లోని ఓర్లియాన్‌లో బట్టల షాపుల మీద ఒక పుకారు లేచింది. ట్రయల్ రూముల్లో అమ్మాయిలకు మత్తు ఇచ్చి ఎత్తుకుపోతున్నారని. ఆ షాపుల్లో ఎక్కువ యూదులవి. ఒక్క అమ్మాయి కూడా తప్పిపోలేదు, అయినా జనం నమ్మారు. పత్రికలు, సంఘాలు గట్టిగా ఖండించాకే అది తగ్గుముఖం పట్టింది. ఓనర్లు ఎంత మొత్తుకున్నా "వాళ్లు అలాగే అంటారు" అనేస్తారమ్మా. మీ తరఫున వేరేవాళ్లు మాట్లాడాలి. ఆ గ్రూపులోనే మీ దగ్గర రిపేర్ చేయించుకున్నవాళ్లు ఉంటారు. వాళ్లను అడగండి, అడగడంలో నామోషీ లేదు.

రిపేర్‌టేబుల్:
ఇద్దరు ముగ్గురు గుర్తొస్తున్నారు, అడుగుతాను. స్క్రీన్‌షాట్ తీయించాను. కౌంటర్‌వెనక గారూ, డిస్‌ప్లే పూర్తిగా పోయిన ఫోన్‌లో ఆ మోడ్ ఎలా ఆన్ చేయిస్తాం?

కౌంటర్‌వెనక:
ముందు కొత్త డిస్‌ప్లే వాళ్ల ఎదుటే బిగించండి అక్కా. వెలగగానే ఫోన్ వాళ్ల చేతికిచ్చేయండి. వాళ్లే అన్‌లాక్ చేసి, టచ్, కెమెరా చూసుకుంటారు. కూర్చునే టైమ్ లేనివాళ్లయితే, వాళ్లు తిరిగి వచ్చేదాకా అన్‌లాక్ చేయాల్సిన టెస్టింగ్ ఆపండి.