1883 నాటి ఆకుపచ్చ సూర్యుణ్ణి మనవైపు ఎవరైనా బొమ్మ గీశారా?

ఒంగోలులో హైస్కూలు పిల్లల సైన్స్ ఎగ్జిబిషన్‌కి ఇండోనేషియాలో 1883లో పేలిన క్రాకటోవా అగ్నిపర్వతం మీద పాత బొమ్మలతో ఏ3 సైజు చార్టులు చేయిస్తున్నాను. ఒక్కటి దగ్గర పని ఆగిపోయింది.

పేలుడు బొమ్మ దొరికింది, లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ 1888లో వేసిన నివేదికలోది. అది 1883 మే 27 నాటి ఫొటో చూసి చేసిన లిథోగ్రాఫ్ (రాతి అచ్చు బొమ్మ), అంటే పేలుళ్ల తొలిదశ. నెట్‌లో చాలామంది దాన్నే ఆగస్టు 27 మహా పేలుడని పెట్టేస్తున్నారు, వాడేవాళ్లు చూసుకోండి. పేలుడు ధూళితో రంగు మారిన తర్వాతి ఆకాశానికి చిత్రకారుడు విలియం ఆస్‌క్రాఫ్ట్ నవంబరు 26 సాయంత్రం లండన్ చెల్సీలో వేసిన రంగు స్కెచ్‌లున్నాయి. వాటిలో పొద్దు గుంకాక కూడా ఆకాశం ఎర్రగా మండుతూనే ఉంటుంది.

పిల్లలు అడిగేది మాత్రం మన సంగతి. గాలిలో ఇంత దూరం వచ్చిన ఆ ధూళి వల్లే ఆ సెప్టెంబరు రెండో వారంలో మద్రాసులో సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీ ప్రొఫెసర్ మిచీ స్మిత్ స్పెక్ట్రోస్కోపుతో (కాంతిని రంగులుగా విడదీసి చూపే పరికరం) చూసి రాశారు కూడా. నాకు దొరికినవన్నీ రాతలే. నివేదిక స్కాన్‌లో ప్లేట్లన్నీ తిరగేశాను, తెలుగులో, ఇంగ్లిష్‌లో వెతికాను, ఇక్కడి లైబ్రరీలో అడిగాను. ఇమేజ్ సెర్చ్‌లో వచ్చేవి ఈమధ్య కంప్యూటర్‌లో చేసినవే. ఏదో ఒక పచ్చ రంగు పూయించి ఇదే అనడం నాకిష్టం లేదు.

మద్రాసు నుంచి నెల్లూరు, ఒంగోలు దాకా ఈ తీరంలో ఆ సూర్యుణ్ణి చూసి అప్పట్లో గీసిన బొమ్మ, నలుపు తెలుపుదైనా సరే, ఏ పాత పత్రికలోనో ఆర్కైవ్‌లోనో ఉందేమో ఎవరికైనా తెలుసా?