సైన్స్ ఫిక్షన్‌లో మనల్ని కట్టిపడేసేది సైన్సా, సెంటిమెంటా?

మారతహళ్ళి పీజీ:
నిన్న రాత్రి రూమ్‌లో గొడవ. ‘ఇంటర్‌స్టెల్లార్’ (2014)లో అంతరిక్షంలోకి వెళ్లిన తండ్రి తన పిల్లలు పంపిన వీడియో మెసేజ్‌లు చూసే చోట మా రూమ్మేట్ దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. తర్వాత తేరుకుని, “బ్లాక్ హోల్ తీసేసినా ఆడే సినిమా ఇది” అన్నాడు. నిజమేనా?

కేఆర్ పురం కుర్రోడు:
ఏడవడానికైతే మా ఇంట్లో రాత్రి 8 గంటల సీరియల్ ఉంది, డేటా కూడా అక్కర్లేదు. 2024లో ‘కల్కి 2898 ఏడీ’కి నేను వెళ్లింది ఆ లోకం ఎలా కట్టారో చూద్దామని. ఎవరి బాధలో విందామని కాదు.

బీటీఎం బావగారు:
‘ఆదిత్య 369’ వచ్చింది 1991లో. అందులో టైమ్ మెషీన్ ఎలా నడుస్తుందో ఇక్కడ ఒక్కరు చెప్పండి చూద్దాం. రాయలవారి సభ మాత్రం అందరికీ గుర్తే. 2504కి కూడా వెళ్తారు, ఆ భాగం నాకు సగమే గుర్తుంది.

వైట్‌ఫీల్డ్ వనజ:
బ్లాక్ హోల్ తీసేస్తే ఏడుపు కూడా పోతుంది. సినిమాలో బ్లాక్ హోల్ దగ్గరున్న ఓ గ్రహం మీద, దాని విపరీతమైన ఆకర్షణ వల్ల కాలం నెమ్మదిస్తుంది: అక్కడ ఒక గంట అంటే భూమ్మీద ఏడేళ్లు. ఆ తండ్రి, తోటివాళ్లు అక్కడ మూడు గంటల చిల్లర చిక్కుకుంటే ఇక్కడ 23 ఏళ్లు గడిచిపోతాయి. దర్శకుడు నోలన్ ఈ లెక్కే కావాలని పట్టుబడితే, శాస్త్రవేత్త కిప్ థోర్న్ మొదట కుదరదనుకున్నాడట. లెక్కలు వేశాక, బ్లాక్ హోల్ దాదాపు గరిష్ఠ వేగంతో తిరుగుతుంటే కుదురుతుందని తేల్చాడు. మామూలు కథలో తండ్రి రాకపోతే ఎవరినో ఒకరిని తిట్టుకోవచ్చు. ఇక్కడ తిట్టడానికి మనిషే దొరకడు.

నా సంగతి చెప్తా. మొన్న ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ టెన్షన్‌లో అమ్మ వాయిస్ మెసేజ్‌లు వారమంతా వినలేదు. శనివారం రాత్రి పదకొండూ వరసగా పెట్టుకున్నాను. మొదటిదాంట్లో “టమోటాలు కోసి ఎండలో పోశాం, ఊరగాయకి వస్తావా?” నాలుగోదాంట్లో మబ్బు పట్టిందని కంగారు. ఆఖరిదాంట్లో “నీ సీసా పక్కన పెట్టేశా.” మాది మదనపల్లె, బస్సెక్కితే మూడు గంటల చిల్లర. నాకు అడ్డంగా బ్లాక్ హోల్ కూడా లేదు.

కేఆర్ పురం కుర్రోడు:
లెక్క ఉండాలన్న మాట వరకు ఒప్పుకుంటా వనజ గారూ. మనవాళ్లు చాలామంది ఆ లెక్కే వదిలేసి కన్నీళ్లు పట్టుకుంటారు, నా కోపం దానికే.

బీటీఎం బావగారు:
అందర్నీ ఒకే గాటన కట్టకు. ‘ఒకే ఒక జీవితం’ (2022)లో హీరో అమ్మ కోసం టైమ్ మెషీన్‌లో 1998కి వెళ్తాడు. మెషీన్ అంత నమ్మబుద్ధి కాకపోయినా, అమ్మ తలుపు తీసేసరికి నేను అడగడం మానేశాను.

కేఆర్ పురం కుర్రోడు:
అదే బావగారూ, అడగడం మానేయించడమే నాకు నచ్చనిది. సరే, ఇంతకీ ఆ ఊరగాయ సీసా వచ్చిందా?

వైట్‌ఫీల్డ్ వనజ:
ఇంకా మదనపల్లెలోనే ఉంది.