ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో వరుసలు పైకి ఎలా జరిగేవి?

నమస్కారం అండి. 1976 నాటి ఏడీఎం-3ఏ టెర్మినల్ (కంప్యూటర్‌కు తగిలించి వాడే తెర, కీబోర్డు) గురించి ఒక సందేహం. హెచ్, జె, కె, ఎల్ కీల మీద బాణం గుర్తులు ఉండేవి, అదే. ప్రోగ్రామర్ బిల్ జాయ్ వీఐ అనే టెక్స్ట్ ఎడిటర్‌ని దాని మీదే రాశారు కాబట్టి ఇప్పటికీ వీఐలో మనం ఆ అక్షరాలతోనే కర్సర్ జరుపుతున్నాం. నాకు దాని మీద ఇష్టం మొదలైంది అక్కడే.

అందులో మైక్రోప్రాసెసర్ లేదు, అంతా మామూలు లాజిక్ చిప్‌లే. వరుసకు 80 చొప్పున 24 వరుసలు, అంటే 1920 అక్షరాల కోడ్‌లు మెమరీలో ఉంటాయి. తెరపై ఒక్కో గీత పడేటప్పుడు అక్షరాల ఆకారాలు దాచి ఉంచే క్యారెక్టర్ జనరేటర్ చిప్ ఆ గీతకు కావాల్సిన చుక్కలు మాత్రమే ఇస్తుంది. ఇంగ్లిష్ 'ఏ' అయితే మొదటి గీతలో నడుమ ఒక్క చుక్క, రెండో గీతలో దానికి అటూ ఇటూ రెండు. అలా ఒకే వరుసను మళ్ళీ మళ్ళీ చదవాలి. ఇంతవరకు అర్థమైంది.

కింది వరుస నిండాక మొత్తం పైకి జరుగుతుంది కదా, చిక్కంతా అక్కడే. మిగతా 23 వరుసల అక్షరాలనీ మెమరీలో ఒక్కొక్కటిగా కదిలించేదా, లేక చదవడం మొదలుపెట్టే వరుస నంబరు ఒక్కటే మార్చేదా? మా అబ్బాయి, నేను బ్రెడ్‌బోర్డ్ (సోల్డరింగ్ లేకుండా చిప్‌లు గుచ్చే పలక) మీద చిన్న నమూనా కడుతూ ఇక్కడే ఆగిపోయాం. దాని సర్క్యూట్ చూసినవాళ్ళు, రిపేర్ చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.