ఈసీ (స్థలంపై రిజిస్టరైన లావాదేవీల పత్రం) క్లీన్‌గా ఉంది, అయినా 22-ఏ అంటున్నారు. ఏం చేయాలి?

భీమిలి_బుజ్జి:
పొద్దున్న పదిన్నరకి వెళ్తే మూడింటికి పిలిచారు. చెల్లి పేరున గిఫ్ట్ డీడ్ చేద్దామంటే మా 200 గజాలు 22-ఏ లో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉందట, సిస్టమ్ తీసుకోదట. 1996లో నాన్నగారు రిజిస్ట్రేషన్ చేయించుకున్న స్థలమండీ! ఈసీలో ఒక్క తాకట్టు కూడా లేదు. చలానా కట్టేశాను. బుర్ర పనిచేయడం లేదు, ఎవరైనా చెప్పండి.

మాజీ_సర్వేయర్:
22-ఏ లో ఏ క్లాజు?

భీమిలి_బుజ్జి:
క్లాజులు కూడా ఉంటాయా? నిషేధిత జాబితా అన్నారంతే.

సాగర్‌నగర్_మాస్టారు:
అసలు రోగం వేరే నాయనా. మన 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజుని నమోదు చేస్తుంది, హక్కుని కాదు. అమ్మినవాడికి లేని హక్కు నీకెలా వస్తుంది? దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లోనే టోరెన్స్ పద్ధతి తెచ్చారు. రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే భూమి వాళ్లదే, పూచీ సర్కారుది. మన ఆంధ్రావాళ్లు అలాంటిదే ల్యాండ్ టైటిలింగ్ (భూమి హక్కు నమోదు) చట్టాన్ని 2023 అక్టోబరు 31న అమల్లోకి తెచ్చి, 2024లో రద్దు చేసి కూర్చున్నారు.

ఉక్కునగరం_రావు:
రద్దే మంచిదైంది మాస్టారూ. తగాదా వస్తే సివిల్ కోర్టుకి పోనివ్వకుండా ఆఫీసరు చేతిలో పెట్టారు. అయినా టైటిల్ అంటే పాసుపుస్తకమేగా?

సాగర్‌నగర్_మాస్టారు:
కాదు! పాసుపుస్తకం రెవెన్యూ రికార్డు. నేను చెప్పేది సూత్రం గురించి, ఆ చట్టం గురించి కాదు.

మాజీ_సర్వేయర్:
టోరెన్స్ వచ్చి ఈయన గిఫ్ట్ డీడ్ చేయించడు. బుజ్జిగారూ, 1996 దస్తావేజులో అమ్మినాయనకి భూమి ఎలా వచ్చిందని రాశారు?

భీమిలి_బుజ్జి:
"డి-ఫారం పట్టా ద్వారా సంక్రమించి" అని ఉంది. అందరికీ ఉండేదేగా అని రాయలేదు.

మాజీ_సర్వేయర్:
అదే ముందు చెప్పాలి. డి-ఫారం పట్టా అంటే సర్కారు పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూమి, 22-ఏ లో ఎ క్లాజు. అసైన్డ్ భూముల బదిలీని నిషేధించే 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే వస్తాయి, భూమి అసైన్డ్‌దన్న సంగతి రాదు. పట్టా తేదీ చూడండి. 1954 జూన్ 18 నాటి జీవో 1142 కంటే ముందుదైతే మామూలుగా అమ్మకూడదనే షరతు ఉండదు. పట్టా నకలు, పాత అడంగల్ (సాగు రికార్డు) పెట్టి కలెక్టరుకి అర్జీ ఇవ్వొచ్చు. తర్వాతదైతే కష్టం.

ఉక్కునగరం_రావు:
2023లో, పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకి హక్కులిచ్చారుగా?

మాజీ_సర్వేయర్:
పట్టా పొందినవాళ్లకి, వాళ్ల వారసులకి. కొన్నవాళ్లకి కాదు.

భీమిలి_బుజ్జి:
ఫైల్లో పట్టా జిరాక్సు దొరికింది. తేదీ దగ్గర మడత పడి చిరిగింది, 195 వరకే కనబడుతోంది. రేపు తాసిల్దారు ఆఫీసులో నకలు అడుగుతా. థాంక్సండీ.

సాగర్‌నగర్_మాస్టారు:
రావుగారూ, టైటిల్‌కి "స్వత్వం" అనాలి, "యాజమాన్యం" కాదు. తీరిగ్గా రాస్తా.